ఆసుపత్రి దారి తప్ప హైదరాబాద్ చూడని అమ్మకి రెండు రోజుల్లో ఏం చూపించాలి?

అద్దంకి_అబ్బాయి | గురువారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మాది అద్దంకి. అమ్మ వైద్యం కోసం పోయిన ఏడాది నుంచి ఇప్పటిదాకా పదకొండుసార్లు హైదరాబాద్ వెళ్లాం. ప్రతిసారీ ఒకటే వరస. ఒంగోలులో రాత్రి రైలెక్కడం, పొద్దున దిగి ఆటోలో లాడ్జికి, అక్కణ్నుంచి ఆసుపత్రికి. టోకెన్, రక్త పరీక్ష, క్యాంటీన్‌లో ఇడ్లీ, రిపోర్టుల కోసం ఎదురుచూపు, మళ్లీ రైలు. పదకొండుసార్లలో ఒక్కరోజు కూడా ఊరు చూద్దామన్న ఆలోచన రాలేదు.

పోయిన నెల డాక్టరుగారు "ఇక ఆరు నెలలకోసారి వస్తే చాలమ్మా" అన్నారు. తిరిగి స్టేషన్‌కి వెళ్తుంటే ఆటోలో అమ్మ అడిగింది, "ఒరే, ఇన్నిసార్లు వచ్చాం కదా, చార్మినార్ ఎటువైపు ఉంటుందిరా?" అని. నాకూ తెలియదు. ఆ మాట మనసులో ఉండిపోయింది.

అందుకని ఈ నెలలో ఒక శని, ఆదివారాలు ఏ డాక్టరూ అపాయింట్‌మెంటూ లేకుండా, ఊరు చూడటానికే అమ్మని తీసుకెళ్లాలని ఉంది. ఆవిడకి 63 ఏళ్లు. మోకాళ్ల నొప్పి, ఎక్కువ మెట్లు ఎక్కలేదు. శాకాహారి. రామదాసు కీర్తనలు బాగా పాడుతుంది. డబ్బు చూసి ఖర్చుపెట్టాలి. నెట్‌లో దొరికే లిస్టులన్నీ చూశాను, అన్నీ ఒకేలా ఉన్నాయి. ఆ ఊరు ఆవిడకి నచ్చడానికి ఏదైనా కొత్త కారణం చెప్పండి.

కొండగాలి | గురువారం, రాత్రి 10:15

బ్రదర్, అమ్మగారు కోలుకున్నందుకు చాలా సంతోషం. కానీ నా సలహా వేరు. ఆ ఊరు వద్దు. రెండు రోజులు దొరికితే అరకు తీసుకెళ్లండి, లేదంటే ఏ సూర్యలంక సముద్రం ఒడ్డుకో వెళ్లండి, మీకు దగ్గరే. మా నాన్న ఆపరేషన్ తర్వాత ఆ నగరం పేరెత్తితేనే ఆయన ముఖం మారిపోయేది. మందుల వాసన గుర్తొచ్చే చోటుకి విశ్రాంతి కోసం వెళ్లడమేంటి? పైగా ఆ ట్రాఫిక్‌లో సగం రోజు పోతుంది.

మూసీగట్టు | గురువారం, రాత్రి 11:02

కొండగాలి అన్నా, మీ మాటలో నిజం ఉంది, కాదనను. కానీ ఇక్కడ అమ్మే అడిగింది కదా చార్మినార్ ఎటువైపు అని. అడిగాక చూపించాలి.

నేను పుట్టింది పాతబస్తీలో. మా ఊరికి వచ్చే తెలుగువాళ్లలో చాలామంది వీసాకో, కోచింగ్‌కో, పెళ్లికో, దవాఖానకో వస్తారు, పని అవగానే బస్సెక్కుతారు. అది చూసి ఎన్నోసార్లు బాధపడ్డాను. అందుకే ఈ థ్రెడ్‌లో రాయకుండా ఉండలేకపోయాను.

తమ్ముడూ, మీ అమ్మగారికి ముందు ఒక చెట్టు చూపించండి. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా దవాఖాన తోటలో పెద్ద చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. వేల మంది పోయారు. ఆ వరదలో దాదాపు 150 మంది ఈ చెట్టు కొమ్మలు పట్టుకుని బతికారని చెప్తారు. చెట్టు ఇప్పటికీ పచ్చగా ఉంది. ఆ వరద తర్వాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. గండిపేట చెరువు 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో వచ్చాయి. నది ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా దవాఖాన లాంటి పెద్ద కట్టడాలన్నీ కూడా వరద తర్వాతివే. అంటే మీరు చూసే ఈ ఊరు సగం ఆ వరద నుంచి తేరుకుని లేచిందే. ఒక జబ్బు నుంచి కోలుకున్న అమ్మకి నాకైతే ఇంతకంటే మంచి మొదలు తోచడం లేదు.

చెట్టు దగ్గర్నుంచి నయాపూల్ మీదుగా మూసీ దాటితే సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం సెలవు, మీకు ఇబ్బంది లేదు. పన్నెండు కొట్టేలోపు లోపల ఉండేలా వెళ్లండి. ఎందుకో అక్కడికి వెళ్లాక మీకే తెలుస్తుంది.

వరంగల్_అక్క | శుక్రవారం, ఉదయం 7:20

తమ్ముడూ, మా అత్తమ్మని ఇలాగే తిప్పాను, ఆవిడవీ మోకాళ్లే. నా అనుభవం చెప్తాను.

మెట్రో వాడుకోండి. స్టేషన్లలో లిఫ్ట్ ఉంటుంది, ఎస్కలేటర్ భయమైతే లిఫ్టే ఎక్కించండి. నాంపల్లిలో దిగితే అక్కడే లాడ్జి చూసుకోండి, చాలా చోట్లు దగ్గర. పూటకి ఒక్క చోటే పెట్టుకోండి. రోజుకి ఐదు చోట్లని రాసుకున్నామంటే పెద్దవాళ్లు మూడో చోటుకే అలిసిపోతారు, మనకోసం బయటికి చెప్పరు. మధ్యాహ్నం రెండు గంటలు గదికి తెచ్చి పడుకోబెట్టండి. నేను మొదటిసారి ఈ తప్పే చేశాను, రెండో రోజు అత్తమ్మ గది దాటలేదు.

సిటీ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితం అని విని ఉంటారు, అది తెలంగాణ అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డుకే. అమ్మగారికి టికెట్ తీసుకోవాల్సిందే, ముందే తెలిస్తే మంచిది కదా అని రాస్తున్నా.

ఆదివారం పొద్దున రోడ్లు ఖాళీగా ఉంటాయి. దూరం వెళ్లేది ఏదైనా ఉంటే అప్పుడు పెట్టుకోండి.

పాతపుస్తకం | శుక్రవారం, ఉదయం 11:48

అద్దంకి అని చూడగానే ఆగిపోయాను. మీ ఊరి పేరే ఇంటిపేరుగా ఉన్న కవి ఒకాయన ఈ నగరంతో ముడిపడి ఉన్నాడు.

గోల్కొండని 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా చిన్న వయసులో అన్నగారికి భయపడి విజయనగరం పారిపోయాడు. ఏడేళ్లు అళియ రామరాయల నీడలో ఉన్నాడు. అక్కడే తెలుగు మీద ప్రేమ పెరిగింది. తిరిగొచ్చి సుల్తాను అయ్యాక తెలుగు కవులని ఆదరించాడు. మనవాళ్లు ఆయన్ని 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నారు, మలిక్ ఇబ్రహీం అన్న పేరు మన నోట్లో అలా తిరిగింది. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' రాసి ఆయనకే అంకితమిచ్చాడు. కందుకూరి రుద్రకవికి ఆ సుల్తాను చింతలపాలెం ఊరిని ఇచ్చాడు. ఆయన కొలువులో పనిచేసిన అమీన్‌ఖాన్‌కి పొన్నికంటి తెలగన అచ్చ తెలుగులో కావ్యం రాసి అంకితమిచ్చాడు. హుస్సేన్‌సాగర్ తవ్వింది, పురానాపూల్ కట్టింది కూడా ఆ ఇబ్రహీం కాలంలోనే.

ఆయన సమాధి గోల్కొండ పక్కనే కుతుబ్ షాహీ సమాధుల తోటలో ఉంది. ఒకప్పుడు అక్కడికి వెళ్తే బాధేసేది. ముళ్లపొదలు, పెచ్చులూడిన గోడలు. 2013లో ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి బాగుచేయడం మొదలుపెట్టాయి. సిమెంటు పూతలు తీసేసి పాత పద్ధతిలో సున్నం వేశారు. 2013 వానలకి ఒక పక్క కూలిన బడీ బావలీ అనే మెట్లబావిని మళ్లీ రాయి రాయి పేర్చి నిలబెట్టారు. అక్కడి మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. పనులన్నీ అయిపోయి 2024 జూలైలో తోటని ప్రజలకి అప్పగించారు. పదేళ్ల కిందట చూసినవాళ్లు కూడా మళ్లీ వెళ్లాల్సిన చోటు. నేల సమంగా ఉంటుంది, నీడ ఉంటుంది, అమ్మగారు మెల్లగా నడవొచ్చు.

అద్దంకి నుంచి వచ్చిన ఒక తల్లి మల్కిభరాముడి సమాధి ముందు నిలబడిందని తెలిస్తే నాకు ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను.

రాయదుర్గం_రెసిడెంట్ | శుక్రవారం, రాత్రి 8:31

పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్నా. పైన రాసినవాటిలో నేను చూసింది చార్మినార్ ఒక్కటే, అదీ చుట్టాలొచ్చినప్పుడు. ఇది చదివాక నిజంగా సిగ్గేసింది. వచ్చే ఆదివారం మా ఇద్దరు పిల్లల్ని సమాధుల తోటకి తీసుకెళ్తున్నాను.

నా వంతుగా ఒకటి చెప్తాను. ఈ వైపు రాళ్లు చూడండి. దక్కన్ గ్రానైట్, దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉంటాయి, నిజానికి గాలికీ వానకీ ఎండకీ అరిగి అలా తయారయ్యాయి. మా ఆఫీసు చుట్టూ ఉన్నవి ఒక్కొక్కటిగా పేల్చేశారు, కళ్ల ముందే పోయాయి. దుర్గం చెరువు గట్టున ఇంకా కొన్ని మిగిలాయి. సాయంత్రం అక్కడ కూర్చుంటే 2020లో కట్టిన తీగల వంతెన లైట్లు నీళ్లలో కనిపిస్తాయి. మెట్లు ఎక్కే పని లేదు. ఈ రాళ్లని కాపాడటానికి ఒక సంఘం ఏళ్లుగా పనిచేస్తోంది, నెల నెలా రాళ్ల మధ్య నడకలు పెడతారు. ఓపిక ఉన్న కుర్రాళ్లు ఎవరైనా ఈ థ్రెడ్ చదువుతుంటే ఆ నడకకి రండి.

కొండగాలి | శుక్రవారం, రాత్రి 10:05

అన్నీ చదివాను. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు, నాకు విశ్రాంతి అంటే ఇప్పటికీ కొండే. కానీ చింతచెట్టు సంగతి మా నాన్నకి ఫోన్‌లో చదివి వినిపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ గేటు ముందు నుంచి ఎన్నిసార్లు పోయామో" అన్నారు. అంతే రాయాలనిపించింది.

డల్లాస్_నుంచి | శనివారం, ఉదయం 6:12

మొజంజాహీ మార్కెట్ ఎవరూ చెప్పలేదేంటి! 1935లో కట్టారు, ఏడో నిజాం రెండో కొడుకు మొఅజ్జం జా పేరు మీద. చిన్నప్పుడు మా నాన్న అక్కడ పళ్ల ఐస్‌క్రీమ్ తినిపించేవారు. నేను దేశం వదిలే నాటికి గోడలు నల్లబడి, ఎక్కడ చూసినా బోర్డులు, తీగలు. 2020లో బాగుచేసి మళ్లీ తెరిచారు. పోయిన డిసెంబర్‌లో వెళ్తే రాతి గోడలన్నీ కడిగినట్టు ఉన్నాయి. మధ్యలో ఖాళీ ప్రాంగణం, కుర్చీలు. అక్కడే నిలబడి ఏడ్చేశాను.

ఇప్పుడు సీతాఫలం రోజులు. అమ్మగారికి సీతాఫలం ఐస్‌క్రీమ్ తప్పకుండా పెట్టించండి, డాక్టరుగారు వద్దనకపోతే.

అద్దంకి_అబ్బాయి | శనివారం, మధ్యాహ్నం 1:30

ఏం రాయాలో తెలియడం లేదు. అందరికీ చేతులెత్తి నమస్కారం. గంగాధర కవి సంగతి అమ్మకి చెప్తే పక్కింటివాళ్లని పిలిచి మరీ నాచేత మళ్లీ చదివించింది.

మూసీగట్టు అన్నా, ఒక్క ప్రశ్న. రామదాసుని బంధించిన చోటు గోల్కొండలోనే కదా. అమ్మకి అది చూడాలని చాలా ఉంది. మెట్లు ఎన్ని ఉంటాయి?

మూసీగట్టు | శనివారం, మధ్యాహ్నం 3:15

అవును తమ్ముడూ, కంచెర్ల గోపన్నని తానీషా కాలంలో ఉంచిన బందీఖానా కోటలోనే ఉంది. పైన కోట కొసన ఉన్న బాలాహిసార్ దాకా 360 మెట్లంటారు. బందీఖానాకి అంత పైకి అక్కరలేదు, కానీ కొన్ని మెట్లు ఎక్కక తప్పదు, ఎత్తు కూడా సమంగా ఉండదు. గోడ మీద ఆయన చెక్కుకున్నవని చెప్పే దేవుడి బొమ్మలు ఉంటాయి. పొద్దున్నే వెళ్లండి. అమ్మ ఎక్కగలిగితే ఎక్కనివ్వండి, లేకపోతే కింద కోట ప్రవేశ ద్వారం గుమ్మటం కింద నిలబెట్టి చప్పట్లు కొట్టించండి, పైన బాలాహిసార్‌లో వినిపిస్తుంది. బలవంతం మాత్రం చేయొద్దు.

అద్దంకి_అబ్బాయి | మూడు వారాల తర్వాత, మంగళవారం, రాత్రి 9:05

వెళ్లొచ్చాం. చెప్పిన ప్రతి ఒక్కరికీ లెక్క చెప్పాలి కదా, అందుకే వివరంగా రాస్తున్నాను.

శనివారం పొద్దున నాంపల్లిలో దిగి గది తీసుకుని స్నానాలు చేసి, పదింటికి ఉస్మానియా ఆసుపత్రి తోటకి వెళ్లాం. గేటు దగ్గర అమ్మ ఒక్క నిమిషం ఆగింది. పేషెంట్లు, స్ట్రెచర్లు, చేతుల్లో ఫైళ్లు. కొండగాలిగారు అన్నమాట గుర్తొచ్చి నాకు టెన్షన్ వచ్చింది, వెనక్కి వెళ్దామా అని అడిగాను. వద్దంది. చెట్టు కింద ఒకావిడ క్యారేజీ విప్పుకుని కూర్చుని ఉంది, భర్త లోపల వార్డులో ఉన్నాడట, నారాయణపేట నుంచి వచ్చారు. అమ్మ ఆవిడ పక్కనే కూర్చుంది. నేను వరద సంగతి చెప్పాను. ఇద్దరూ తలెత్తి కొమ్మల వైపు చూశారు. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని "నేనూ పదకొండుసార్లు తిరిగానమ్మా, అయిపోయింది. మీ ఆయనకీ అయిపోతుంది" అంది. అరగంట అక్కడే ఉన్నాం. లేచేముందు చెట్టు మానుని తాకి కళ్లకద్దుకుంది.

సాలార్‌జంగ్‌కి పన్నెండుకి పది నిమిషాల ముందు చేరాం. గడియారం ముందు అప్పటికే జనం నేల మీద కూర్చుని ఉన్నారు. గడియారంలో ఒక మూల చిన్న కమ్మరి బొమ్మ క్షణం క్షణం సుత్తితో కొడుతూనే ఉంటుంది. గంట కొట్టే వేళకి ఇంకో బొమ్మ తలుపు తీసుకుని బయటికొస్తుంది. పన్నెండు దెబ్బలు కొట్టి లోపలికి వెళ్లిపోయింది. హాలంతా చప్పట్లు. అమ్మ అందరికంటే గట్టిగా కొట్టింది. ముసుగులో ముఖం కనిపించే రెబెక్కా పాలరాతి బొమ్మ దగ్గర "రాయిని బట్టలా ఎలా చెక్కాడురా" అని మూడువైపులా తిరిగి చూసింది. మిగతా గదులు సగం వదిలేశాం. వరంగల్ అక్క చెప్పినట్టు గదికి వెళ్లి పడుకున్నాం.

సాయంత్రం చార్మినార్. ఇక్కడ ఒక తప్పు జరిగింది నావల్ల. శనివారం సాయంత్రం అంత జనం ఉంటారని ఊహించలేదు. తోపులాటలో అమ్మకి ఊపిరాడనట్టయింది. ఒక గాజుల కొట్టు ఆయన చూసి స్టూలు వేసి మంచినీళ్లిచ్చారు. తేరుకున్నాక ఆయన దగ్గరే లక్క గాజులు ఎలా చేస్తారో అడిగింది. లక్కని వేడిచేసి మెత్తబడ్డాక చుట్టి, అది చల్లారేలోపు రాళ్లు ఒక్కొక్కటిగా అద్దుతారట. ఆ గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిందని ఆయన గర్వంగా చెప్పారు. ఎరుపు జత ఒకటి అమ్మకి, ఆకుపచ్చ జత చెల్లికి తీసుకున్నాం. ఇరానీ టీ, ఉస్మానియా బిస్కెట్లు ఆ స్టూలు మీదికే తెచ్చి ఇచ్చాను. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు చార్మినార్‌కి పొద్దున్నే వెళ్లండి, సాయంత్రం వద్దు.

ఆదివారం పొద్దున ఆరున్నరకే బయల్దేరాం. రోడ్లు నిజంగానే ఖాళీ. బందీఖానా దాకా అమ్మ ఎక్కింది. నాలుగు చోట్ల కూర్చుంది, ముప్పావు గంట పట్టింది. ఆ చీకటి గదిలో గోడ మీది బొమ్మలకి దణ్ణం పెట్టుకుని మెల్లగా పాడింది. వచ్చినవాళ్లలో ఇద్దరు ముగ్గురు ఆగి విన్నారు, తమిళనాడు నుంచి వచ్చినావిడ ఒకరు కళ్లు తుడుచుకున్నారు. దిగడం ఎక్కడంకంటే కష్టమైంది, చెయ్యి పట్టుకుని దింపాను.

సమాధుల తోట గురించి పాతపుస్తకం గారికి ప్రత్యేకంగా రాయాలి. ఇబ్రహీం సమాధి అడిగి కనుక్కున్నాం. అన్నిటికంటే పెద్దదేం కాదు. గోడ మీద పాత రంగు పలకల ఆనవాళ్లు కొంచెం మిగిలి ఉన్నాయి. అమ్మ చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. "మా ఊరి పేరున్న కవికి కొలువులో చోటిచ్చావయ్యా" అని పైకే అంది, ఎదురుగా మనిషి ఉన్నట్టే. తర్వాత బడీ బావలీ మెట్ల మీద గంటసేపు కూర్చున్నాం. ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. ఈ రెండు రోజుల్లో నాకు బాగా నచ్చింది ఆ గంటే.

మధ్యాహ్నం మొజంజాహీలో సీతాఫలం ఐస్‌క్రీమ్ (డాక్టరుగారిని ముందే అడిగాను, చిన్న కప్పు తినొచ్చన్నారు). ఆ పక్కనే ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతారు కదా, అక్కడ రామదాసు కీర్తనల పాత ముద్రణ ఒకటి యాభై రూపాయలకి దొరికింది. అట్ట లేదు. అమ్మ రైల్లో లైటు ఆర్పేదాకా చదివింది. దుర్గం చెరువుకి వెళ్లలేకపోయాం, టైం చాలలేదు.

పాతపుస్తకం | మంగళవారం, రాత్రి 9:50

చదివి కళ్లు నిండాయి. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ పుస్తకానికి అట్ట నేను వేయిస్తాను, విడిగా మెసేజ్ చేయండి.

రాయదుర్గం_రెసిడెంట్ | మంగళవారం, రాత్రి 10:22

మేమూ వెళ్లొచ్చాం. మా చిన్నది బడీ బావలీ చూసి "మన అపార్ట్‌మెంట్‌లో ఇలాంటి బావి ఎందుకు లేదు" అని అడిగింది. ఇప్పుడు బన్సీలాల్‌పేట మెట్లబావి కూడా చూడాలంటోంది. ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి ఉన్న బావి అది, మొత్తం తీయించి 2022 డిసెంబర్‌లో తెరిచారు. వచ్చే ఆదివారం అక్కడికే.

కొండగాలి | బుధవారం, ఉదయం 8:10

నాన్నని తీసుకెళ్తున్నాను, సంక్రాంతి తర్వాత. ముందు చెట్టు దగ్గరికే. వరంగల్ అక్కా, నాంపల్లి దగ్గర లిఫ్ట్ ఉన్న లాడ్జిలు ఉంటాయా? ఆయన మెట్లు అసలు ఎక్కలేరు.

వరంగల్_అక్క | బుధవారం, ఉదయం 8:45

ఉంటాయి అన్నా. బుక్ చేసేముందు ఫోన్ చేసి లిఫ్ట్ పనిచేస్తోందా అని కూడా అడగండి, ఉందా అని మాత్రమే కాదు. సంక్రాంతి తర్వాత అంటే నుమాయిష్ కూడా ఉంటుంది. మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా, నాంపల్లిలోనే. 1938 నుంచి నడుస్తున్న ఎగ్జిబిషన్. వారం మధ్యలో వెళ్తే జనం కొంచెం తక్కువ.

అద్దంకి_అబ్బాయి | బుధవారం, రాత్రి 7:30

ఇది అమ్మకి చదివి వినిపించాను. ఏప్రిల్‌లో ఉన్న చెకప్ తేదీని జనవరికి మార్చుకోవచ్చేమో డాక్టరుగారిని అడగమంటోంది.

మూసీగట్టు | బుధవారం, రాత్రి 7:41

చెకప్ ఏప్రిల్‌లోనే ఉంచండి తమ్ముడూ. జనవరిలో ఊరికే రండి. గాంధీభవన్ మెట్రో స్టేషన్‌లో దిగండి, నేను వచ్చి ఉంటాను.